ఎవరికీ అక్కర్లేని బండిని మార్చడం తప్పా?



మూడు నెలలు అమెరికాలో అమ్మాయి ఇంట్లో ఉండి పోయిన వారమే కోయంబత్తూరు వచ్చాను. "ఏమేం చూశారు?" అని అందరూ అడుగుతున్నారు. నయాగరా చూశాను, కాదనను. కానీ నేను ఎక్కువసేపు చూసింది మా అమ్మాయి ఇంటి గ్యారేజీలో తుప్పుపట్టి నిలబడి ఉన్న ఒక చిన్న కారుని. దాని పేరు గ్రెమ్లిన్. ఆ కారు మీద ఇంట్లో పెద్ద వాదన జరిగింది. ఆ వాదనలో నేను మొదట ఒక పక్షాన ఉండి, చివరికి రెండో పక్షానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇవాళ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

అమ్మాయి వాళ్ళుండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిచిగాన్ సరస్సు ఒడ్డున రాసీన్ అనే ఊళ్ళో. దాని పక్క ఊరు కెనోషా. మనవడికి పందొమ్మిదేళ్ళు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో పనిచేసి దాచుకున్న డబ్బుతో, ఒక రైతు కొట్టంలో పడి ఉన్న 1974 మోడల్ గ్రెమ్లిన్ కొనుక్కొచ్చాడు. ఇంజన్ పట్టేసింది. అడుగు రేకు చాలాచోట్ల జల్లెడైపోయింది. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు పాత బండ్లని కింది నుంచి తినేస్తుంది.

ఈ కారు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు.

అమెరికాలో జీఎం, ఫోర్డ్, క్రైస్లర్ అనే మూడు పెద్ద కంపెనీలు ఏలుతున్న రోజుల్లో అమెరికన్ మోటార్స్ అని నాలుగోది ఒకటి ఉండేది. ఏఎంసీ అంటారు. 1954లో నాష్, హడ్సన్ అనే రెండు పాత కంపెనీలు కలిసి ఏర్పడింది. ముఖ్యమైన ఫ్యాక్టరీ ఆ కెనోషాలోనే. చిన్న కంపెనీ కాబట్టి చేతిలో డబ్బు తక్కువ. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి చిన్న కార్లు అక్కడ బాగా అమ్ముడవుతుంటే, కొత్త కారు మొదటి నుంచి తయారు చేసే స్తోమత వీళ్ళకి లేదు. అందుకని తమ దగ్గరున్న హార్నెట్ అనే కారుని తీసుకుని వెనక భాగం కత్తిరించేశారు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 108 అంగుళాల నుంచి 96కి తగ్గించారు. తోక ఉండాల్సిన చోట నిట్టనిలువుగా కోసినట్టు ఉంటుంది. ముందునుంచి చూస్తే పెద్ద కారు, పక్కనుంచి చూస్తే ఎవరో గొడ్డలితో నరికిన కారు. దాని రూపశిల్పి రిచర్డ్ టీగ్ మొదటి బొమ్మని విమానంలో వాంతి వస్తే పట్టుకునే కాగితం సంచి మీద గీశాడని చెప్పుకుంటారు. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళకి ఈ కథ ఒక్కటీ చాలు!

విడుదల చేసిన రోజు 1970 ఏప్రిల్ 1. పేరు చూస్తే, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానికులు తమ విమానాలు పాడుచేస్తుందని చెప్పుకున్న కొంటె దయ్యం పేరు. పిల్లకి దిష్టి తగలకూడదని 'పెంటయ్య' అని పేరు పెట్టినట్టుంది కదా. రెండు సీట్ల రకం ధర 1,879 డాలర్లు. 1978 వరకు తయారైంది, ఆరున్నర లక్షలకు పైగా అమ్ముడైంది. అయినా గౌరవం దక్కలేదు. ముందు బరువైన ఆరు సిలిండర్ల ఇంజన్, వెనక తేలికైన పొట్టి తోక. తడి రోడ్డు మీద వెనక భాగం మన మాట వినదు. అక్కడ పనికిమాలిన కారుని 'నిమ్మకాయ' అని తిడతారు. 2011లో వచ్చిన 'కార్స్ 2' అనే పిల్లల బొమ్మల సినిమాలో దుర్మార్గుల ముఠా అంతా ఆ నిమ్మకాయలే, వాటిలో గ్రెమ్లిన్ ఒకటి. అంటే పసిపిల్లలకి కూడా ఈ కారు అంటే చులకన అన్నమాట.

ఇప్పుడు వాదన సంగతి.

మా అల్లుడిగారిది ఒక మాట: "మామయ్యా, ఇది చెత్త. దీని మీద పెట్టే ప్రతి డాలరూ నీళ్ళలో పోసినట్టే. తుక్కుకి అమ్మేస్తే చదువు మీద దృష్టి ఉంటుంది." తండ్రి అన్నాక అలాగే అంటాడు, తప్పులేదు.

మనవడిది రెండో మాట: "తాతా, దీనిలో పెద్ద వీ-8 ఇంజన్ పెడతాను. సస్పెన్షన్ మారుస్తాను. వెనక చక్రాల గూళ్ళు కోసి వెడల్పు టైర్లు వేస్తాను."

మూడో మాట వీధి చివర ఉండే ఒక పెద్దాయనది. కెనోషా ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. రోజూ సాయంత్రం వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళేవాడు. "ఇది మేం చేతులతో చేసింది. ఎలా బయటికి పంపామో అలాగే ఉంచండి. ఒక్క బోల్టు మార్చొద్దు" అన్నాడు. ఆయన గొంతులో ఉన్నది మొండితనం కాదు. 1987లో ఆ కంపెనీని క్రైస్లర్ కొనేసింది. మరుసటి ఏడాది చివరికల్లా కెనోషాలో కార్ల తయారీ ఆగిపోయింది. ఆయన యౌవనమంతా ధారపోసిన చోటు అది. అక్కడ తయారైన కారు ఒకటి కళ్ళముందు ఉంటే దాన్ని కోస్తామంటే బాధ కలగదా?

నేను వెంటనే ఆ పెద్దాయన పక్షం చేరాను. నలభై ఏళ్ళు లేత్ పట్టరై నడిపినవాణ్ణి. యంత్రం చేసినవాడి లెక్కకి విలువ ఇవ్వాలన్నది నాకు అలవాటైన ధర్మం. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం ఆ గ్రెమ్లిన్ కాదు, మా నాన్నగారి కారు.

మీలో పాతవాళ్ళకి గుర్తుండొచ్చు. నాన్నగారి దగ్గర రెండు తలుపుల చిన్న కారు ఒకటి ఉండేది. మా పెళ్ళిళ్ళన్నీ ఆ కారులోనే జరిగాయి. ఆయన పోయాక ఒకనాడు ఇంజన్ బ్లాక్ పగిలింది. ఆ ఇంజన్ సామాన్లు అప్పటికే దొరకడం మానేశాయి. మా తమ్ముడు మంచి మెకానిక్. "అన్నా, వేరే బండి ఇంజన్ కూర్చోబెడదాం. మౌంటు నేను చేస్తాను, గేర్‌బాక్సుకి ప్లేటు నువ్వు తిప్పు" అని అడిగాడు. నేను ఒప్పుకోలేదు. "నాన్న బండిలో వేరే గుండె పెడతావా?" అన్నాను. పెద్దవాణ్ణి కాబట్టి నా మాటే చెల్లింది. అసలు ఇంజన్ ఎక్కడైనా దొరక్కపోతుందా అని పదకొండేళ్ళు పశువుల కొట్టం పక్కన ఉంచాను. దొరకలేదు. సీట్లు ఎలుకలు కొట్టాయి. నేల తాకే రేకు మట్టిలో కలిసిపోయింది. చివరికి కిలో లెక్కన తూచి అమ్మాను. తుక్కు లారీ కదిలిన రోజు తమ్ముడు గేటు దగ్గర నిలబడ్డాడు, ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు వాడూ లేడు.

అసలుది కాపాడాలని పట్టుబట్టి నేను కాపాడింది ఏమిటి? ఏమీ లేదు. తమ్ముడి మాట విని ఉంటే మా పిల్లలు ఆ కారులో ఇవాళ్టికీ తిరిగేవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే పలక లైటు పట్టుకుని ఆ గ్రెమ్లిన్ కిందికి దూరాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇదేం పని అని అమ్మాయి కేకలేసింది. కింద పడుకుని చూస్తుంటే నాకు మూడు విషయాలు స్పష్టమయ్యాయి.

ఒకటి. ఈ బండిలో 'అసలు' అనేది ఎక్కడుంది? హార్నెట్‌ని కోసి చేసినదే గ్రెమ్లిన్. 1972 నుంచి దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ క్రైస్లర్ నుంచి కొన్నది. ఈ మాట ఆ కెనోషా పెద్దాయనే నాకు వివరంగా చెప్పాడు. చిన్న కంపెనీ కాబట్టి ఎవరి దగ్గర ఏది మంచిదైతే, ఏది చవకైతే అది తెచ్చి బిగించింది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అది ఆ కంపెనీ తెలివి. అలాంటి తెలివితో పుట్టిన బండిని అదే తెలివితో మారిస్తే అపచారం ఎలా అవుతుంది? మన ఇళ్ళలో మాట్లాడే తెలుగు చూడండి. సగం స్పేర్ పార్ట్స్ తమిళం నుంచి తెచ్చుకున్నవే. అయినా బండి నడుస్తోంది కదా!

రెండు. అందరూ ప్రేమించే పాత కారు లెక్క వేరు, దీని లెక్క వేరు. 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్‌ని పాత రూపంలోకి తేవాలంటే తలుపు నుంచి డిక్కీ వరకు కొత్త రేకులు అచ్చుపోసి అమ్మేవాళ్ళున్నారు. కొన్ని మోడల్స్‌కి మొత్తం బాడీయే కొత్తది దొరుకుతుంది. గ్రెమ్లిన్‌కి ఆ భాగ్యం లేదు. బాడీ సామాను కావాలంటే ఇంకో చచ్చిన గ్రెమ్లిన్‌ని వెతకాలి. రంగు వేయడానికి, రేకు పనికి, సీట్లు కుట్టడానికి కూలి మాత్రం రెండింటికీ ఒకటే. పని పూర్తయ్యాక మస్టాంగ్‌కి వచ్చే ధర దీనికి రాదు. అందుకే 'అసలు రూపంలోనే' అని పట్టుబడితే నూటికి తొంభై మంది మొదలే పెట్టరు. బండి తుక్కుకి పోతుంది. ప్రేమించేవాళ్ళు తక్కువగా ఉన్న బండికి కఠినమైన నియమాలు పెడితే, ఉన్న ఆ నలుగురూ కూడా దూరమవుతారు.

మూడు. మార్పు ఈ బండి చరిత్రలోనే ఉంది. 1972లో కంపెనీయే దీనికి 304 క్యూబిక్ అంగుళాల వీ-8 ఇవ్వడం మొదలుపెట్టింది. ఏఎంసీలో ఆ తరం వీ-8 ఇంజన్లలో 304, 360, 401 లోపల వేరువేరు గానీ బయటి కొలతలు ఒకటే. 304 పట్టిన చోట 401 పడుతుంది. ఆ సంగతి కనిపెట్టి అరిజోనా రాష్ట్రం మీసా ఊళ్ళోని ర్యాండల్ అనే డీలరు అదే ఏడాది 401 బిగించిన గ్రెమ్లిన్లు అమ్మాడు. ఆ డీలరు మార్చిన బండి ఇప్పుడు ఎక్కడైనా కనిపిస్తే సేకర్తలు కళ్ళకద్దుకుంటారు. ఒకనాటి మార్పే ఇంకోనాటికి 'అసలు' అయిందన్నమాట.

ఇంతవరకు చదివి, ముసలాయన మనవడి మీద ప్రేమతో మాట్లాడుతున్నాడు, కాకి పిల్ల కాకికి ముద్దు అనుకోకండి. మనవణ్ణి సమర్థించాను గానీ వాడు అడిగినదంతా ఒప్పుకోలేదు. వాడి జాబితాలో మొదటిది ఇంజన్, చివరిది బ్రేకులు. నేను కాగితం తలకిందులు చేశాను.

ఆ తొలి ఏళ్ళ గ్రెమ్లిన్లకి మామూలుగా నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ముందు డిస్కులు కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. ఈ బండికి డ్రమ్ములే ఉన్నాయి. దాని బలం రెండింతలు చేసి, ఆపే శక్తి అలాగే ఉంచితే అది కారు కాదు, కొండమీద నుంచి దొర్లించిన రాయి. డిస్కులు వేస్తే సరిపోదు. వెనక తేలిక కాబట్టి గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని తోక తిరుగుతుంది. ముందుకి ఎంత ఒత్తిడి, వెనక్కి ఎంత ఒత్తిడి అని పంచే వాల్వ్ పెట్టి, ఖాళీ మైదానంలో పరీక్షించి సరిచేయాలి. ఇక బాడీ. దీనికి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ లేదు. రేకు పెట్టెయే బలం. కుళ్ళిన రేకు మీద పెద్ద ఇంజన్ పెడితే తలుపులు మూసుకోవు, అద్దం పగులుతుంది. ముందు రేకు పని, తర్వాత కింద ముందు వెనక భాగాలని కలుపుతూ ఇనుప పట్టీలు, ఆ తర్వాతే బలం.

ఇంజన్ దగ్గర మాత్రం తాతా మనవళ్ళం మూడు సాయంత్రాలు కూర్చున్నాం. వాడికి 401 కావాలి. అది ఖరీదు, అరుదు. అప్పుడు ఆ కెనోషా పెద్దాయనే దారి చూపించాడు. గ్రెమ్లిన్‌లో ఉన్న ఆరు సిలిండర్ల ఇంజన్ వంశం ఆ కంపెనీతో పోలేదు. దాన్నే మెరుగుపరిచి 4.0 లీటర్ల ఇంజన్ చేశారు, అది జీపుల్లో 2006 వరకు వచ్చింది. గట్టి ఇంజన్ అని జీపు నడిపేవాళ్ళలో పేరుంది. ఆ దేశంలో పాత సామాన్ల యార్డుల్లో ఇప్పటికీ దొరుకుతుంది. కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి చలిలో స్టార్టింగ్ గొడవ ఉండదు. అయితే దానికి ఎక్కువ ఒత్తిడి ఇచ్చే పెట్రోలు పంపు, ట్యాంకుకి తిరిగి వెళ్ళే గొట్టం, కంప్యూటరు, వైరింగ్ అన్నీ కొత్తగా వేయాలి. ఆయిల్ సంప్, మౌంట్లు కొలిచి సరిపెట్టాలి. పని ఉంది గానీ పరాయి ఇంజన్ కాదు, మనవడి వరసే. ఒక్క బోల్టు మార్చొద్దన్న పెద్దమనిషే ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాలి మీరు. బండిని అద్దాల పెట్టెలో పెట్టాలన్నది కాదు ఆయన కోరిక. తాము చేసినది ఇంకా కదులుతోందని చూడాలన్నది.

మొదట 'ఎందుకురా' అన్న అల్లుడిగారు రెండో వారానికి లెక్కల పుస్తకం తెచ్చి కూర్చున్నారు. ఖర్చుకి నెలకి ఇంత అని హద్దు పెట్టారు. పరీక్షల వారం గ్యారేజీకి తాళం. అది న్యాయమే.

నా అభిప్రాయం ఇంకా స్పష్టంగా చెబుతాను. అన్ని పాత బండ్లనీ కోసేయమని నేను అనడం లేదు. ఎక్కువ తిరగకుండా, తుప్పు లేకుండా, పుట్టినప్పటి రంగుతో, సీట్లతో మిగిలిన బండి దొరికితే దాని మీద రంపం పెట్టడం పాపం. 1973లో లీవైస్ జీన్స్ పేరుతో నీలం సీట్లున్న గ్రెమ్లిన్ వచ్చింది. అలాంటిది చెక్కు చెదరకుండా దొరికితే దాన్ని అలాగే ఉంచాలి. చరిత్రకి సాక్ష్యం కావాలి. కానీ సగం తుప్పు తిన్నది, ఇంజన్ పోయింది, ఎవరూ అడగనిది ఉంటే, దాన్ని మార్చి నడిపేవాడే దాని అసలైన సంరక్షకుడు. అలా మార్చేవాడికి మనవడికి చెప్పిన మూడు షరతులే చెబుతాను. ఆపడం నేర్పాకే పరిగెత్తించు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి దాచు, రేపు ఎవరైనా వెనక్కి మార్చాలనుకుంటే దారి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, మొదలుపెట్టింది ముగించు. పాత బండ్లని నిజంగా చంపేది మార్పు కాదు, సగంలో వదిలేసిన మార్పు. కోసి వదిలేసిన బండి అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు.

మన ఊరివాళ్ళకి ఈ సంగతి నేను చెప్పాలా? మన భాషవాడైన జి.డి. నాయుడుగారు కుర్రతనంలో ఒక తెల్ల అధికారి మోటార్‌సైకిల్ చూసి మనసు పడి, కూడబెట్టి దాన్నే కొని, ఊడదీసి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొల్లాచి, పళని మధ్య బస్సు నడిపారు. అవినాశి రోడ్డులో ఆయన పేరుతో ఉన్న కార్ల మ్యూజియం మన పిల్లలకి చూపిస్తాం. కానీ ఇంట్లో పిల్లవాడు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మాత్రం "చెయ్యి నల్లబడుతుంది, లోపలికి రా" అంటాం.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. ఇది చదివి ఎవరూ రేపే గ్యాస్ కట్టర్ తీయకండి. అమెరికాలో సాగినట్టు ఇక్కడ సాగదు. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసిన కంపెనీ చూపిన ప్రమాణాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజన్ మార్చాలన్నా ముందు ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. దానికి సిద్ధపడే చెయ్యండి. రోడ్డు మీద మనం ఒక్కళ్ళమే ఉండం కదా.

చివరిగా ఒక ప్రతిపాదన. మన సభ్యుల ఇళ్ళలో షెడ్డు వెనక, కొబ్బరి మట్టల కింద పడి ఉన్న స్కూటర్లు, జీపులు, కార్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. 'నాన్నది, అమ్మను', 'తాతది, ముట్టుకోను' అని ఉంచినవే అన్నీ. వచ్చే ఉగాది కలయికకి వాటి పేర్లు ఒక పట్టికగా రాద్దాం. ఏది అలాగే ఉంచదగ్గది, ఏది మార్చి నడపదగ్గది అని పెద్దవాళ్ళం నలుగురం చూసి చెబుదాం. పాలిటెక్నిక్ చదివే మన పిల్లలకి రెండు బండ్లు అప్పజెబుదాం. నా లేత్ ఇంకా తిరుగుతోంది, పని ఉచితం.

నిన్న రాత్రి మనవడు వీడియో పంపాడు. ఇంజన్ ఇంకా నేల మీదే ఉంది. కానీ ముందు చక్రాలకి డిస్కులు బిగించాడు. కెనోషా పెద్దాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని "ఆ బోల్టు ఇంకొంచెం" అని చెబుతున్నాడు. ఆయన్ని చూస్తుంటే నాకు తమ్ముడు గుర్తొచ్చాడు. ఆ ప్లేటు తిప్పి ఇచ్చి ఉండాల్సింది.

మీలో ఎవరి షెడ్డులో ఏముందో కింద రాయండి. సిగ్గుపడొద్దు, ఎంత తుప్పుపట్టినదైనా సరే.